కథ నడిచే దారి మారింది: నల్లగొండ, పాలమూరుల్లో అచ్చు నుంచి ఎపిసోడ్ దాకా

క్లుప్తంగా

కథలు, నవలలు చదివేవాళ్లు లేరన్న మాట సాహిత్య సభల్లో తరచూ వినిపిస్తోంది. అదే సమయంలో ఫోన్లలో తెలుగు సీరియల్ నవలలు రోజుకో భాగం చొప్పున నడుస్తున్నాయి. రెండూ నిజమే. తగ్గింది వారపత్రిక, గ్రంథాలయం, పుస్తకాల షాపు మీదుగా సాగే చదువు. పెరిగింది యాప్ మీదుగా, ఇయర్‌ఫోన్ మీదుగా సాగేది. దారి మారిన ప్రతిసారీ కథ నిడివి, భాష, ముగింపు కూడా మారుతూ వచ్చాయి. అచ్చులోకి ఆలస్యంగా వచ్చిన దక్షిణ తెలంగాణలో ఈ మార్పు ఏం చేస్తోందన్నదే ఈ విశ్లేషణ.

బిట్టుకు జవాబు తెలుసు, నవల తెలియదు

నల్లగొండలోనైనా మహబూబ్‌నగర్‌లోనైనా జిల్లా కేంద్ర గ్రంథాలయంలో కుర్చీ దొరకాలంటే పొద్దున్నే వెళ్లాలి. టిఫిన్ డబ్బా, వాటర్ బాటిల్ పట్టుకొచ్చి సాయంత్రం దాకా కదలని పిల్లలే హాలు నిండా కనిపిస్తారు. వాళ్ల ముందున్నవి గ్రూప్స్, కానిస్టేబుల్, డీఎస్సీ పుస్తకాలు. పోటీ పరీక్షల సిలబస్‌లో తెలంగాణ చరిత్ర, సంస్కృతి, సాహిత్యం చేరాక 'ప్రజల మనిషి' రచయిత ఎవరన్న బిట్టుకు వాళ్లలో చాలామంది తడుముకోకుండా వట్టికోట ఆళ్వారుస్వామి అని చెబుతారు. ఆ నవల అదే భవనంలో ఇంకో బీరువాలో ఉండొచ్చు. దాన్ని తెరవాల్సిన అవసరం మాత్రం పరీక్షకు లేదు. నవల పేరు తెలిసినవాళ్లు పెరిగారు, చదివినవాళ్లు పెరగలేదు.

దీన్ని చూసి కథకు కాలం చెల్లిందనుకోవడం తేలిక. నిజానికి తగ్గుదల ఇక్కడిది మాత్రమే కాదు. అమెరికాలో ఏడాదిలో ఒక్క నవలైనా కథైనా చదివిన పెద్దవాళ్లు 2012లో 45.2 శాతం ఉంటే, 2022 నాటికి 37.6 శాతానికి పడిపోయారని అక్కడి ప్రభుత్వ కళల సంస్థ సర్వే చెప్పింది. గ్రంథాలయాలకు, పుస్తకాల షాపులకు కొదవలేని దేశం సంగతే అది.

ఐతే గ్రంథాలయ రిజిస్టర్ ఒక రకం చదువునే లెక్కపెడుతుంది. రాత్రి పనులన్నీ అయ్యాక ఫోన్‌లో నలభయ్యో భాగం చదివే గృహిణి ఆ రిజిస్టర్‌లోకి రాదు. బండి మీద జడ్చర్ల వైపు ఫ్యాక్టరీ షిఫ్టుకు పోతూ కథ వినే కుర్రాడూ రాడు. వీళ్లను లెక్కలోకి తీసుకుంటే ప్రశ్న మారుతుంది. చదువుతున్నారా లేదా అన్నది పక్కకు పోయి, కథ ఎవరి చేతి మీదుగా అందుతోంది, అందించే చేయి ఆ కథను ఏం చేస్తోంది అన్నది ముందుకొస్తుంది.

ఆలస్యంగా అందిన అచ్చు

ఇక్కడి కథకు మొదటి నుంచీ దారి ఇరుకే. నిజాం పాలనలో రాజ్యభాష ఉర్దూ. 1918లో మొదలైన ఉస్మానియా విశ్వవిద్యాలయంలోనూ బోధన ఉర్దూలోనే. తెలుగు బడి పెట్టాలన్నా, సభ జరపాలన్నా అనుమతి కావాలి. అలాంటి రోజుల్లో 1922లో నల్లగొండ నుంచి షబ్నవీసు వెంకట రామనరసింహారావు 'నీలగిరి' పత్రిక తెచ్చారు. నాలుగేళ్ల తర్వాత, 1926లో, గద్వాల ప్రాంతం నుంచి వెళ్లిన సురవరం ప్రతాపరెడ్డి హైదరాబాద్‌లో 'గోలకొండ పత్రిక' మొదలుపెట్టారు. తెలంగాణలో కవులు పూజ్యమన్న (అంటే సున్నా అన్న) మాటకు జవాబుగా ఆయన 354 మంది కవులతో 1934లో సంచిక వేసిన సంగతి ఇప్పుడు బడి పిల్లలకు కూడా తెలుసు. ఆ సంచిక కవిత్వానిదే ఐనా అది బయటపెట్టిన విషయం కథకూ వర్తిస్తుంది. రాసేవాళ్లు లేకపోవడం వేరు, రాసింది అచ్చుకు చేరే దారి లేకపోవడం వేరు.

ఆ దారి వేసే పనిని ఎక్కువగా నెత్తికెత్తుకున్నది నల్లగొండ జిల్లాలో పుట్టిన ఆళ్వారుస్వామే. 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి, పుస్తకాలు వేయించి, వాటిని తానే మోసుకుంటూ తిరిగి అమ్మారు. రచయిత, ప్రచురణకర్త, పంపిణీదారు, అమ్మకందారు అన్నీ ఒక్కడే. 1955లో వచ్చిన 'ప్రజల మనిషి' వెనక ఇంత శ్రమ ఉంది. కోస్తాలో ఈ పనులు అప్పటికే వేర్వేరు చేతుల్లో ఉన్నాయి. ప్రెస్సులు, ప్రచురణ సంస్థలు, నవలల పోటీలు, కొనే మధ్యతరగతి అన్నీ అక్కడ ఒక తరం ముందే కుదురుకున్నాయి.

చదివేవాళ్ల సంఖ్య కూడా చూడాలి. 2011 జనాభా లెక్కల ప్రకారం ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా అక్షరాస్యత 55 శాతం, నల్లగొండది 64 శాతం. ఇప్పటి తెలంగాణ మొత్తానికి అది 66 శాతం దాటింది. అంటే పాలమూరులో దాదాపు సగం మందికి కథ ఎప్పుడూ కాగితం మీద అందలేదు. చెవికే అందింది. చిందు భాగవతం, శారదకాండ్ర కథ, బుర్రకథ, గొల్ల సుద్దులు ఇక్కడ అచ్చు కన్నా ముందు నుంచీ ఉన్నాయి, అచ్చు వచ్చాకా ఆగలేదు.

వారపత్రిక పెట్టిన షరతులు

1960ల నుంచి 1990ల దాకా తెలుగు కథకు పెద్ద దారి వార, మాసపత్రికలది. మద్రాసు నుంచి, తర్వాత విజయవాడ, హైదరాబాద్‌ల నుంచి వచ్చే పత్రికల్లో సీరియల్ నడిచి, పుస్తకంగా వెలువడి, ఊళ్లోని అద్దె లైబ్రరీకి చేరేది. మిర్యాలగూడ, సూర్యాపేట, వనపర్తి లాంటి పట్టణాల్లో బస్టాండు పుస్తకాల షాపే చాలామందికి సాహిత్యంతో ఉన్న సంబంధం. ఆ షాపుకు ఏమొస్తే అదే సాహిత్యం.

ఈ పద్ధతిలో నిర్ణయం ఎడిటర్‌ది. కథ ఇన్ని పేజీలు దాటకూడదు, ఆదివారం సంచికకైతే ఇంకా చిన్నది కావాలి, భాష అందరికీ అర్థమవ్వాలి. ఆ 'అందరూ' ఎవరన్న దగ్గరే దక్షిణ తెలంగాణ రచయితలకు పేచీ వచ్చేది. పాత్రల సంభాషణలో 'వోయిండు', 'జెప్పిన' అని రాస్తే ఒప్పుకున్నా, కథనం మాత్రం పత్రికల భాషలోనే ఉండాలన్నది చాలాకాలం రాయని నియమం. సినిమాల్లో తెలంగాణ యాస రౌడీకో, నవ్వించే పాత్రకో పరిమితమైన రోజులవి. కథలో ఆ యాస వచ్చినప్పుడు కూడా అది పాలేరు నోట్లోంచి రావడం మామూలు.

దీన్ని దాటడానికి రచయితలకు మళ్లీ సొంత అచ్చే దిక్కయింది. వేముల ఎల్లయ్య 2000లో తెచ్చిన 'కక్క' నవల నల్లగొండ మాదిగవాడ భాషను సంభాషణల్లోనే ఆపకుండా కథనంలోకీ తెచ్చింది. సర్క్యులేషన్ చూసుకునే పత్రికలో అది సీరియల్‌గా నడిచేది కాదని ఎవరైనా ఊహించగలరు. దేవులపల్లి కృష్ణమూర్తి 'ఊరు వాడ బతుకు' లాంటి రచనలు కూడా వారపత్రికల దారిలో వచ్చినవి కావు. ఉద్యమ కాలం, ఆ తర్వాత 2014లో రాష్ట్రం రావడం ఈ పరిస్థితిని చాలా మార్చాయి. ఆదివారం అనుబంధాలు, కథల పోటీలు తెలంగాణ భాషను అడిగి మరీ తీసుకోవడం మొదలైంది. ముల్కనూరు ప్రజా గ్రంథాలయం, నమస్తే తెలంగాణ కలిసి నడుపుతున్న కథల పోటీ దానికి బాగా తెలిసిన ఉదాహరణ.

తలుపు తెరుచుకుంటున్న సమయానికి ఇల్లే ఖాళీ కావడం మొదలైంది. 2020లో కరోనా దెబ్బకు చాలా వారపత్రికల అచ్చు ఆగింది. నెలకో నవల ఇచ్చిన 'చతుర', నెలనెలా కథలే వేసిన 'విపుల' 1978లో మొదలై 2021లో ఆగిపోయాయి. కరోనాను ఒక్కదాన్నే తప్పుపట్టడం సరికాదు. 2016 సెప్టెంబర్‌లో చౌక డేటా వచ్చినప్పుడే పత్రిక చేతిలో పట్టుకునే సమయం ఫోన్‌కు పోయింది. లాక్‌డౌన్ చేసిందల్లా అప్పటికే నష్టాల్లో ఉన్న లెక్కను మూసేయడం.

ఎపిసోడ్ లెక్క ఎలా నడుస్తుంది

ఆ ఖాళీలోకి వచ్చినవి సీరియల్ యాప్‌లు. బెంగళూరు కేంద్రంగా 2014లో మొదలైన ప్రతిలిపి వీటిలో తెలుగువాళ్లకు బాగా తెలిసినది. ఇక్కడ ఎడిటర్ అనుమతి అక్కర్లేదు. దేవరకొండలో ఇంటర్ చదివిన అమ్మాయి ఫోన్‌లో టైప్ చేసి రాత్రికి రాత్రి అచ్చేసుకోవచ్చు. పొద్దున్నే కామెంట్లు చదువుకోవచ్చు. రాసేవాళ్లలోనూ చదివేవాళ్లలోనూ ఆడవాళ్లు బాగా కనిపించడానికి ఇదో కారణం. బస్సెక్కి సభకు వెళ్లనక్కర్లేదు, ఎవరినీ పరిచయం చేసుకోనక్కర్లేదు, సొంత పేరు కూడా పెట్టనక్కర్లేదు.

ఐతే ఎడిటర్ పోయినంత మాత్రాన షరతులు పోలేదు. ఈ తరహా యాప్‌లలో సాధారణంగా మొదటి కొన్ని భాగాలు ఉచితం. తర్వాతి భాగానికి తాళం ఉంటుంది. ఒక రోజు ఆగితే తెరుచుకుంటుంది, ఆగలేనివాళ్లు యాప్‌లో చెల్లే నాణేలు (కాయిన్లు) కొనాలి, లేదా నెలవారీ చందా కట్టాలి. కాబట్టి ఆదాయం కథ బాగుండటం మీద నేరుగా ఆధారపడదు. ఈ భాగం చదివినవాళ్లలో ఎంతమంది తర్వాతి భాగం నొక్కారన్న దాని మీద ఆధారపడుతుంది. యాప్ కూడా అదే లెక్క చూసి ఏ కథను ముందు పేజీలో పెట్టాలో తేలుస్తుంది.

రాసేవాళ్లు దీన్ని త్వరగానే పట్టేస్తారు. ఒక భాగం ఎనిమిది వందలో వెయ్యో పదాలు ఉందనుకుందాం. అందులో మొదటి వంద పదాలు నిన్నటి సంగతి గుర్తుచేయడానికి పోతాయి. చివరి యాభై పదాల్లో తలుపు తట్టిన చప్పుడో, మోగిన ఫోనో, 'నువ్వా?' అన్న మాటో రావాలి. మధ్యలో ఒక గొడవ, ఒక చూపు. ఇలాంటివి అరవై, ఎనభై, కొన్నిసార్లు రెండు వందల భాగాలు. రోజూ పోస్ట్ చేయకపోతే ఫాలోవర్లు జారిపోతారన్న టెన్షన్. తిరగరాసుకునే సమయం ఈ లెక్కలో ఎక్కడా లేదు.

కథాంశాలు కూడా దీన్నిబట్టే స్థిరపడతాయి. కాంట్రాక్ట్ పెళ్లి, పగ పట్టిన మాఫియా నాయకుడు, కోపిష్టి సీఈఓ, మారిపోయిన పెళ్లికూతురు. వీటికి తెగిపోని ముడి ఉంటుంది, ఎన్ని భాగాలైనా లాగొచ్చు. 1970ల నవలల్లో ఆరడుగుల హీరో, పడవలాంటి కారు చూసి నవ్వుకున్నవాళ్లు ఇప్పుడు హెలికాప్టర్ దిగే సీఈఓను చూసి ఆశ్చర్యపోనక్కర్లేదు. కోరిక అదే, బండే మారింది.

సీరియల్ అన్నది కొత్త రోగమేమీ కాదు. ఇంగ్లండ్‌లో డికెన్స్ 1836లో తన తొలి నవలను నెలకు 32 పేజీల భాగాలుగా, భాగం ఒక షిల్లింగుకు అమ్మాడు. తేడా ఏమిటంటే ఆయనకు మధ్యలో నెల గడువు ఉంది, మొత్తం ఎన్ని భాగాలో ముందే లెక్క ఉంది. ఇప్పటి యాప్‌లకు దగ్గరి పోలిక చైనాలో దొరుకుతుంది. అక్కడి చిదియెన్ వెబ్‌సైట్ 2003లోనే అధ్యాయానికి ఇంత అని, అక్షరాల సంఖ్యను బట్టి ధర పెట్టింది. ఫలితంగా వేల అధ్యాయాల నవలలు పుట్టాయి. వాటితో పాటు సినిమాలు, టీవీ సీరియళ్లు, గేమ్‌ల పరిశ్రమ కూడా పెరిగింది. అంటే ఈ పద్ధతి సాహిత్యాన్ని చంపుతుందనడం తొందరపాటు. అది పొడుగు కథను పెంచుతుంది, పొట్టి కథను పస్తు పెడుతుంది.

దక్షిణ తెలంగాణకు దెబ్బ సరిగ్గా ఇక్కడే. ఈ ప్రాంత రచయితల బలం ఎక్కువగా చిన్న కథలో ఉంది. వలస, ఫ్లోరైడ్ నీళ్లు, శ్రీశైలం రిజర్వాయర్‌లో మునిగిన ఊళ్లు, ఎండిన బోరు, భూమి ధరలు పెరిగి విడిపోయిన అన్నదమ్ములు లాంటివి ఆరేడు పేజీల్లో గుచ్చుకునేలా చెప్పడం ఇక్కడి కథకులకు అలవాటైన పని. అలాంటి కథకు తర్వాతి భాగం ఉండదు. తర్వాతి భాగం లేని కథకు యాప్ లెక్కలో విలువ లేదు. మర్రిగూడలో ఫ్లోరైడ్ నీళ్లకు నడుము వంగిపోయిన మనిషి కథను ఎనభై భాగాలకు సాగదీయలేరు, సాగదీస్తే చదవలేరు.

కీబోర్డు దిద్దే భాష

యాప్‌లో భాషను దిద్దే ఎడిటర్ లేడు కాబట్టి మాండలికానికి స్వేచ్ఛ దొరికినట్టే కనిపిస్తుంది. కొంతవరకు దొరికింది కూడా. కానీ ఫోన్ కీబోర్డు తన వంతు దిద్దుబాటు తాను చేస్తుంది. 'నాయిన పొద్దుగాల్నే పొలంకాడికి వోయిండు, ఇంక రాలే' అని కొడుతుంటే పైన వచ్చే సూచనలు 'పొద్దున్నే', 'పోయాడు', 'రాలేదు' అంటూ పిలుస్తుంటాయి. ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టి తెలుగు తెప్పించుకునేవాళ్లకు ఇది ఇంకా ఎక్కువ. వాయిస్ టైపింగ్‌లో చెబితే కొన్ని మాటలు గుర్తు పట్టదు, కొన్నిటిని తనకు తెలిసిన రూపంలోకి మార్చేస్తుంది. ఒక్కో మాట దగ్గర ఆగి దిద్దుకుంటూ పోవాలంటే రోజుకో భాగం రాసేవాళ్లకు ఓపిక ఉండదు. ఎవరూ నిషేధించకుండానే మాండలికం ఇలా అరిగిపోతుంది.

పైగా 'పాలమూరు భాష', 'నల్లగొండ భాష' అనేవి ఒక్కొక్కటిగా లేవు. కోదాడ, హుజూర్‌నగర్‌ల మాట కృష్ణా అవతలి ఒడ్డుకు దగ్గర. అలంపూర్, గద్వాల మాటలో కర్నూలు, రాయచూరు కలిసిపోతాయి. నారాయణపేట, మక్తల్‌లలో కన్నడం పక్కనే నడుస్తుంది. దేవరకొండ తండాల్లో ఇంట్లో మాట్లాడేది లంబాడీ. రాష్ట్రం వచ్చాక సినిమాలు, టీవీ, యూట్యూబ్ తెలంగాణ భాషకు గౌరవం తెచ్చాయన్నది నిజం. అదే ఊపులో హైదరాబాద్, కరీంనగర్ వైపు వినిపించే ఒక రకం మాట 'తెలంగాణ యాస'గా స్థిరపడింది. కొల్లాపూర్ కుర్రాడు తెలంగాణ భాషలో కథ రాయాలనుకున్నప్పుడు ఇంట్లో విన్న మాట పక్కన పెట్టి రీల్స్‌లో విన్న మాట రాయడం కొత్త రచయితల్లో గమనించదగ్గ ధోరణి. ఒకప్పుడు కోస్తా భాష చేసిన పనిని ఇప్పుడు సొంత రాష్ట్రపు మాటే చేస్తోంది.

చెవి దారి

ఆడియో యాప్‌ల విషయంలో ఈ ప్రాంతానికి అనుకూలత ఎక్కువ. కూలి పనికి ముంబై, పుణె, హైదరాబాద్ పోయే పాలమూరు మనిషికి పుస్తకం కొనే చోటూ లేదు, చదివే వెలుతురూ లేదు. ఫోన్ ఉంది. వినడానికి అక్షరాస్యత అడ్డం కాదు, చేతిలో పని ఆపక్కర్లేదు. ఇక్కడ వినికిడి సంప్రదాయం ఎలాగూ ఉంది.

కానీ శారదకాండ్ర కథకూ ఆడియో ఎపిసోడ్‌కూ పోలిక అంతటితో సరి. అక్కడ చెప్పేవాడు ఎదుట కూర్చున్న ఊరిని బట్టి కథను మారుస్తాడు, ఊరి పెద్ద పేరు ఇరికిస్తాడు, నవ్వు రాకపోతే ఇంకో పిట్టకథ అందుకుంటాడు. ఇక్కడ స్టూడియోలో ఒక్కసారి చదివింది అందరికీ ఒకటే. చదివే గొంతుల్లో ఎక్కువ భాగం టీవీ డబ్బింగ్ ఉచ్చారణకు అలవాటు పడినవే. అదే స్క్రీన్ మీద ముప్పై సెకన్ల వీడియో కాచుకుని ఉంటుంది కాబట్టి కథ మొదటి నిమిషంలోనే కొట్లాటో రహస్యమో పెట్టాల్సి వస్తోంది.

యంత్రం రాసే కథకు ఈ ఊరు తెలుసా?

2022 చివరలో చాట్‌జీపీటీ వచ్చాక రాసే పని మీదే ప్రశ్న పడింది. 2023 ఫిబ్రవరిలో అమెరికా సైన్స్ ఫిక్షన్ పత్రిక క్లార్క్స్‌వరల్డ్ యంత్రం రాసిన కథల వరద తట్టుకోలేక కొన్నాళ్లు కథలు తీసుకోవడమే ఆపేసింది. 2024 జనవరిలో జపాన్‌లో అకుతగావా బహుమతి అందుకున్న రియె కుదాన్ తన నవలలో సుమారు 5 శాతం చాట్‌జీపీటీ ఇచ్చిన వాక్యాలని చెప్పి చర్చకు తెరతీశారు. తెలుగు కథల పోటీల్లో 'ఇది నా సొంత రచన, అనువాదం కాదు' అన్న హామీపత్రం ఎప్పటి నుంచో ఉంది. దానికిప్పుడు ఏఐ మాట కూడా చేరుతోంది.

తెలుగులో యంత్రం రాసే కథ ఎందుకు చప్పగా ఉంటుందో తెలియాలంటే అది పనిచేసే తీరు కొంచెం చూడాలి. ఇప్పటిదాకా చదివిన పాఠంలో ఏ మాట తర్వాత ఏ మాట వచ్చే అవకాశం ఎక్కువో లెక్కగట్టి అది వాక్యం అల్లుతుంది. ఆ పాఠంలో తెలుగు వాటా ఇంగ్లీషుతో పోలిస్తే చాలా తక్కువ. ఉన్న తెలుగులోనూ వార్తలు, విజ్ఞాన వ్యాసాలు, అనువాదాలు ఎక్కువ. పైగా కంప్యూటర్‌లో ఒక్కో తెలుగు గుర్తుకు మూడు బైట్లు పడుతుంది, ఇంగ్లీషు అక్షరానికి ఒకటి చాలు. ఇంగ్లీషును దృష్టిలో పెట్టుకుని తయారైన ఏఐ మోడళ్లు తెలుగు మాటను చిన్న చిన్న ముక్కలుగా విరగ్గొట్టి చూస్తాయి. ఎక్కువ అవకాశమున్న మాటనే ఎంచుకోవడం దాని స్వభావం కాబట్టి, అరుదుగా కనిపించే మాండలిక రూపం దానికి పొరపాటులా అనిపిస్తుంది. అందుకే పాలమూరు వలస మీద కథ అడిగితే, ఒక ఊళ్లో రామయ్య అనే పేద రైతు ఉండేవాడని మొదలై, కష్టపడితే ఫలితం దక్కుతుందన్న నీతితో ముగిసే అవకాశమే ఎక్కువ. కూలీలను పనికి తీసుకెళ్లే గుంపు మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సు ఏడాది చివర ఎలా అప్పుగా మారుతుందో, ఇంటి దగ్గర ముసలివాళ్ల దగ్గర వదిలిన పిల్లల చదువు ఏమవుతుందో దాని లెక్కలో బలంగా లేవు.

దీనికి ఎవరూ పెద్దగా పట్టించుకోని స్థానిక కారణం ఒకటుంది. 1990ల నుంచి నల్లగొండ, మహబూబ్‌నగర్, హైదరాబాద్ డీటీపీ సెంటర్లలో తయారైన తెలుగు పుస్తకాల్లో చాలా భాగం అను ఫాంట్లలో, పేజ్‌మేకర్ అనే పేజీలు దిద్దే సాఫ్ట్‌వేర్‌లో ఉన్నాయి. ఆ ఫాంట్లు యూనికోడ్ (అన్ని కంప్యూటర్లూ, ఫోన్లూ గుర్తుపట్టే ఉమ్మడి అక్షర సంకేతం) కాదు. స్క్రీన్ మీద, కాగితం మీద తెలుగులా కనిపించినా కంప్యూటర్‌కు అవి ఇంగ్లీషు గుర్తుల గుంపే. వెతికితే దొరకవు, యాప్‌లోకి ఎక్కవు, ఈ-బుక్ కావు, ఏ మోడల్‌కూ పాఠం కావు. దక్షిణ తెలంగాణ తన భాషలో గట్టిగా రాసుకున్న కాలం సరిగ్గా అదే. అచ్చులో ఉన్న ఆ ఇరవై, పాతికేళ్ల కథ డిజిటల్ లోకానికి సంబంధించినంత వరకు లేనట్టే లెక్క.

పుస్తకం ఇంకా ఎందుకు వేస్తున్నారు

ఇంత జరుగుతున్నా కథల సంపుటాలు ఆగలేదు. మామూలుగా 500 కాపీలు, ధైర్యం చేస్తే వెయ్యి. ఖర్చు చాలా సందర్భాల్లో రచయితదే. ఆవిష్కరణ సభలో కొన్ని అమ్ముడుపోతాయి. ఎక్కువ భాగం 'చదివి అభిప్రాయం చెప్పండి' అన్న సంతకంతో ఉచితంగా చేతులు మారతాయి. డిసెంబర్‌లో హైదరాబాద్ పుస్తక ప్రదర్శన కొన్ని కాపీలకు దారి చూపిస్తుంది. జిల్లా పట్టణాల్లో పుస్తకాల షాపంటే స్టేషనరీ, గైడ్లే కాబట్టి మిగిలింది పోస్టు. 2024 చివర్లో ఆ దారి కూడా ఖరీదైంది. తక్కువ ఖర్చుతో పుస్తకాలు పంపే రిజిస్టర్డ్ బుక్ పోస్ట్ సదుపాయాన్ని తపాలా శాఖ 2024 డిసెంబర్‌లో ఆపేసింది. నూట యాభై రూపాయల పుస్తకానికి పంపే ఖర్చు బరువైతే ముందు తగ్గేది ఊళ్లో ఉన్న పాఠకుడే.

గ్రంథాలయాల కొనుగోలు ఒకటే దీనికి ఊతం కాగలదు. ఆస్తి పన్నులో రూపాయికి 8 పైసల చొప్పున వసూలయ్యే గ్రంథాలయ సెస్సు ఉన్నది అందుకే. స్థానిక సంస్థల నుంచి ఆ డబ్బు సమయానికి బదిలీ కాదు. కాస్తో కూస్తో వచ్చింది పోటీ పరీక్షల పుస్తకాలకు పోతుంది. హాలు నిండా కూర్చున్నవాళ్లు అడిగేది అవే కనుక గ్రంథపాలకుడిని తప్పుపట్టడానికీ లేదు.

రాబోయే పదేళ్లలో

తెలంగాణ 2018లో బడుల్లో తెలుగును తప్పనిసరి చేస్తూ చట్టం తెచ్చింది. 2022-23 నుంచి ప్రభుత్వ బడులన్నిటిలో దశలవారీగా ఇంగ్లీషు మీడియం మొదలైంది. ఈ రెండిటి మధ్య పెరుగుతున్న పిల్లలు తెలుగు బాగా మాట్లాడతారు, వింటారు. పేజీ మాత్రం నెమ్మదిగా చదువుతారు. కాబట్టి ఆడియోకు, వీడియోకు మొగ్గు ఇంకా పెరుగుతుందనుకోవడంలో సందేహం అక్కర్లేదు. యాప్ నవలలు ఇంకా పొడుగవుతాయి. వాటిని వేగంగా నింపడానికి ఏఐ వాడకం పెరుగుతుంది. పాఠకుడు కూడా దాన్ని పెద్దగా పట్టించుకోకపోవచ్చు, ఎందుకంటే అక్కడ అతను కొంటున్నది తర్వాత ఏమైందన్న ఆత్రుతను. చిన్న కథ మాత్రం పోటీలు, వార్షిక సంకలనాలు, చిన్న ప్రచురణ సంస్థల చేతుల్లో, తక్కువమంది కోసం, ఇప్పటి కన్నా మొండిగా బతుకుతుంది. ఆ తక్కువమందిలో యంత్రానికి రాని మాట కోసం వెతికేవాళ్లు ఉంటారు కాబట్టి మాండలికానికి అక్కడ విలువ పెరిగే వీలుంది.

పాత సాహిత్యం సంగతిలో చట్టం కొంత వెసులుబాటు ఇస్తోంది. భారత కాపీరైట్ చట్టం ప్రకారం రచయిత పోయాక 60 ఏళ్లకు హక్కులు ముగుస్తాయి. 1953లో పోయిన సురవరం ప్రతాపరెడ్డి జీవించి ఉండగా వేసిన కథలు 2014 నుంచి, 1961లో పోయిన ఆళ్వారుస్వామి 'ప్రజల మనిషి' 2022 జనవరి నుంచి ఎవరైనా టైప్ చేసుకోవచ్చు, గొంతు పెట్టి చదివి ఆడియోగా ఇవ్వచ్చు. 1990 తర్వాతి పుస్తకాలకు ఆ వీలు లేదు. హక్కులు రచయితల దగ్గరో వారసుల దగ్గరో ఉన్నాయి, ఫైళ్లు డీటీపీ సెంటర్ల పాత కంప్యూటర్లలో ఉన్నాయి. అను ఫాంట్లను యూనికోడ్‌లోకి మార్చే సాఫ్ట్‌వేర్ దొరుకుతుంది. మార్చాక ఒత్తులు, అరసున్నలు, మాండలిక రూపాలు తెలిసిన మనిషి ఒకసారి కూర్చుని ప్రూఫు చూడాలి. హక్కుదారు ఒప్పుకుంటే ఒక కథల సంపుటికి అది కొద్ది రోజుల పని. ఫైలు పోయాక అదే పుస్తకాన్ని కాగితం చూసి మళ్లీ మొదటి నుంచి టైప్ చేయించాలంటే ఖర్చూ కాలమూ రెండూ పెరుగుతాయి.